గుట్ట తెరిచే రోజు

బుక్కరాయసముద్రం చెరువు కట్ట దగ్గర తోపుడు బండి మీద సీతాఫలాలు కనబడితే ఇప్పటికీ స్కూటీ ఆపుతాను. ఒక కాయ తీసుకుని వాసన చూస్తాను. అమ్మేవాడు విసుక్కుంటాడు, అయినా చూస్తాను. ఈ కాయల్లో తీపి ఉంటుందేమో గానీ, ఎండుగడ్డి, మేకల మంద, వానకు తడిసిన గుండురాయి అన్నీ కలిసిన మా గుట్ట వాసన మాత్రం ఉండదు. కొనకుండానే వచ్చేస్తాను.

మా ఊరికున్న ఐశ్వర్యమంతా ఆ గుట్టే. వాన మొహం చాటేసి శెనక్కాయ చేలు ఎండిపోయిన ఏడు కూడా మేకలకింత మేత, కొట్టాల కప్పుకు బోదగడ్డి, పొయ్యిలోకి పుల్లలు, మా బోటి పిల్లలకు సీతాఫలాలు ఆ గుట్టే ఇచ్చేది. దానికి పట్టా లేదు, ఉన్నదల్లా కట్టుబాటు. తొలకరి పడగానే దండోరా వేయించి గుట్టను మూసేవాళ్ళు. గడ్డి గింజ రాలేదాకా, కాయ కన్ను విచ్చేదాకా, అంటే సీతాఫలం మీది గళ్ళ మధ్య సందులు విడివడి తెల్లబడేదాకా, ఒక్క మేక ఎక్కకూడదు, ఒక్క కొడవలి తాకకూడదు. తప్పినవాళ్ళు కడవలతో నీళ్ళు మోసి గుట్ట మీది రాతి దొనను నింపాలి, పిట్టలూ నక్కలూ తాగడానికి. మా నాయన చిన్నప్పుడు పచ్చికాయ కోసి పట్టుబడ్డాడట. మూసేదీ తెరిచేదీ చెప్పే పెద్దమనిషి ఆయన తండ్రే, మా జేజినాయన. కొడుకని కూడా చూడలేదు. నాయన సంగటి ముందు కూర్చున్నప్పుడల్లా మా జేజి ఆ కడవల కథ కావాలనే ఎత్తేది.

తెరిచే రోజు మాకు ఉగాది ఓళిగల కంటే ఎక్కువ. జేజినాయన ఉతికిన తలగుడ్డ చుట్టుకుని ఒక్కడే గుట్టెక్కి, పెద్దగుండు దగ్గర టెంకాయ కొట్టి, ఒక కాయ విప్పి రుచి చూసి, తలగుడ్డ తీసి ఊపేవాడు. కింద ఊరంతా గంపలతో నిలబడి ఉండేది. మగదిక్కు లేని ఇళ్ళవాళ్ళు ముందు ఎక్కాలి, మా ఇంటివాళ్ళం ఆఖరున. కొనకొమ్మల కాయలు పిట్టలవి. తెచ్చిన కాయలు శెనక్కాయ పొట్టులో మాగేస్తే ఇల్లంతా ఆ వాసనే, రాత్రి దుప్పట్లోకీ వచ్చేది. గింజలతో మేం వామనగుంటలాడుకునేవాళ్ళం. ఆట అయ్యాక జేజి ఆ గింజలే నూరి, పేలు చావాలని మా తలలకు పట్టించేది. కళ్ళు మండి ఏడుస్తుంటే, కాయ తిన్న నోటితో ఏడవొద్దని నవ్వేది.

ఒక వేసవిలో జీపులో ఫారెస్టు ఆఫీసర్లు వచ్చి బడి వరండాలో ఊరివాళ్ళను కూర్చోబెట్టారు. మంచిగానే మాట్లాడారు. గుట్టను మూస్తే చెట్లు పెరుగుతాయన్నారు, జింకలు వస్తాయన్నారు. జేజినాయన మొహం వెలిగిపోయింది.

“మూసేది మాకేం కొత్త గాదప్పా. ఏటేటా మూస్తానే ఉండాము,” అన్నాడు.

ఆయన సరేనంటే ఊరు సరేనంది. కంచె రాళ్ళు పాతేందుకు మనవాళ్ళే గుంతలు తీశారు, ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చి పోశారు. మూయడమంటే తెరవడం కోసమేనని పుట్టినప్పటి నుంచి తెలిసిన మనుషులు. తెరవని మూత ఒకటి ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ ఏడు కాయ కన్ను విచ్చింది. జేజినాయన టెంకాయ పట్టుకుని బయలుదేరితే గంపతో నేనూ వెంటపడ్డాను. కంచె దగ్గర కాపలా మనిషి మర్యాదగానే అడ్డం నిలబడ్డాడు.

“తెరిచేదెప్పుడప్పా?” అని అడిగాడు జేజినాయన.

“తెరిచేది ల్యాదు పెద్దాయనా. ఇంగ ఇది ఇంతే.”

జేజినాయన వెనక్కి తిరిగాడు. టెంకాయ ఇంటికి తెచ్చి గూట్లో పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు.

“మూసేదానికి ఒప్పుకుంటి. తెరిచేదెప్పుడని అడగకపోతిని గదే,” అన్నాడు జేజితో.

ఊళ్ళో ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మేకలు ఒక్కో ఇంటి నుంచీ సంతకు పోయాయి. జేజినాయన ఆ గుట్టకు వీపు పెట్టి మంచం వేసుకోవడం మొదలుపెట్టాడు, పోయేదాకా అట్లాగే పడుకున్నాడు. ఆ వీపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పోయినేడు ఊరికి వెళ్ళాను. అబద్ధం చెప్పకూడదు, గుట్ట పచ్చగా ఉంది, జింకలూ వచ్చాయి. పండిన కాయలు మాత్రం రాలి కుళ్ళిపోతున్నాయి. ఇప్పుడు చట్టం ఉందట, గుట్ట మీద హక్కులు అడగొచ్చట. ఏమేం హక్కులుండేవని మా ఊరి పిల్లలు నన్ను అడిగారు. మేత, బోద, పుల్లలు, కాయలు, అన్నీ చెప్పాను. మూసే హక్కు కూడా మనదేనని చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూసుకోవడానికి హక్కెందుకని అడిగాడొకడు. కంచె తప్ప వేరే మూత వాడు చూడలేదు మరి.

తిరిగొస్తూ కంచె దగ్గర ఆగాను. ఒక కొమ్మ ఇవతలికి వాలి ఉంది, చేతికందే ఎత్తులో కాయ. కాపలా ఎవరూ లేరు. పట్టుకుని చూశాను. ఆలస్యంగా కాసిందేమో, ఇంకా కన్ను విచ్చలేదు. వదిలేసి వచ్చాను.