స్టామెంకా అత్తయ్య మనుషుల్ని తిట్టదు

స్టామెంకా అత్తయ్యకు ఒకటే పిచ్చి. మనుషుల్ని పల్లెత్తు మాట అనదు, వస్తువుల్ని మాత్రం బతకనివ్వదు. కాఫీ పొంగితే గిన్నెకు శాపనార్థాలు పెడుతుంది. బస్సు ఆలస్యంగా వస్తే డ్రైవర్ని నవ్వుతూ పలకరించి, ఎక్కుతూ ఎక్కుతూ బస్సు మెట్టును కడిగేస్తుంది. మొగుడు బతికున్న రోజుల్లో ఆయన తాగి ఇల్లు చేరితే, ఆయన్ని మెల్లగా మంచం మీద పడుకోబెట్టి, బూట్లను గుమ్మంలో నిలబెట్టి వీధంతా వినిపించేలా దులిపేసేదట. "ఎక్కడికి ఈడ్చుకుపోయార్రా మా ఆయన్ని? ఇల్లూ వాకిలీ అక్కర్లేదూ మీకు?" అని.

దక్షిణ సెర్బియాలో వాళ్ళ ఊరు చిన్నది. ఉన్నదల్లా ఐవార్ ఫ్యాక్టరీ. పెద్ద పెద్ద ఎర్ర మిరపకాయల్ని కాల్చి, తొక్క తీసి, నూనెలో మగ్గబెట్టి సీసాల్లోకి ఎత్తే పచ్చడే ఐవార్. తొక్క తీసే ఆడవాళ్ళందరికీ స్టామెంకా పెద్ద దిక్కు. టిహోమిర్ అనే అతను నలభై దాటాక అక్కడ బండి తోసే పనిలో చేరాడు. చేరిన రోజే సీసాల పెట్టె ఒకటి భళ్ళున కింద పడేశాడు.

ఫ్యాక్టరీ అంతా చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ రాడిసావ్ మొహం మిరపకాయల రంగులోకి తిరిగింది. టిహోమిర్ వంగి పెంకులు ఏరబోయాడు. చిన్నప్పటి నుంచీ అమ్మా, పంతులూ, పెళ్ళయ్యాక పెళ్ళామూ అందరూ అతన్ని చేతకానివాడనే అన్నారు. ఇప్పుడు మేస్త్రీ వంతు. కానీ రాడిసావ్ నోరు తెరిచేలోపు స్టామెంకా ఆ గాజుపెంకుల ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏం సీసాలే మీరు? ఒక్కచోట కుదురుగా కూర్చోలేరూ? కొత్త మనిషి కనిపిస్తే చాలు, మీదపడి దూకెయ్యడమేనా?"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. రాడిసావ్ కూడా నవ్వేశాడు. నవ్వాక ఇంక అరవడం ఎలాగో తెలియక వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి టిహోమిర్ ఆమెను సొంత అత్తయ్యలా చూసుకున్నాడు.

అతను తోసే బండికి ఆమె పెట్టిన పేరు 'మంత్రిగారు'. కుడికి తిప్పితే ఎడమకు పోతుంది, కదిలేది తక్కువ, మోత ఎక్కువ. దాని ముందు చక్రం వదులైపోయిన నాటి నుంచి స్టామెంకా దానికి రోజూ సుప్రభాతం పాడింది.

"ఒరేయ్ మంత్రీ! నీ ముందు చక్రం ఊడిపోతోందిరా! ఇవాళో రేపో ఎవడి కాలో విరగ్గొడతావు! అప్పుడైనా సిగ్గొస్తుందా నీకు?"

వేసవి పోయి మిరపకాయల సీజన్ వచ్చేసరికి ఆడవాళ్ళందరికీ ఆ తిట్లు కంఠతా వచ్చేశాయి. ఆమె మొదలుపెడితే వీళ్ళు పూర్తిచేసేవాళ్ళు. రాడిసావ్ చెవులు మూసుకుని తిరిగేవాడు.

సెప్టెంబర్‌లో చక్రం ఊడింది. నిండు గంగాళంతో సహా మంత్రిగారు టిహోమిర్ మోకాలి మీద కూలబడ్డారు.

ఆస్పత్రిలో డాక్టర్ అడిగాడు, ఈ మోకాలు ఇంతకుముందెప్పుడైనా నొప్పి చేసిందా అని. "కిందటేడు కిటికీ గాలి తగిలి కాస్త పట్టేసింది" అన్నాడు టిహోమిర్. అందులో వింతేమీ లేదు. ఆ దేశంలో తలనొప్పి వచ్చినా, పన్ను సలిపినా, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకపోయినా కారణం ఒకటే, ఎక్కడో రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉండటం. పలకరింపులో భాగంగా అనే మాట అది. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు మాత్రం ఆ మాటను నిధిలా ఏరుకున్నారు.

'గాలి తగలడం వల్ల మోకాలు ముందే పాడైంది. బండి పడింది పనివాడి అజాగ్రత్త వల్ల. బండి బాగాలేదని ఎవరూ ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. కనుక పరిహారం ఇవ్వబడదు.' ఇదీ వాళ్ళ జవాబు. మనిషి కాలు నుజ్జయితే, గాలి మీదా అతని మీదా తోసేసి చేతులు దులుపుకోవడానికి ఎంత గుండె కావాలి! పైగా బండి విరగ్గొట్టినందుకు అతన్ని పనిలోంచి తీసేస్తామని ఫ్యాక్టరీ కబురు పెట్టింది. టిహోమిర్ కోర్టులో కేసు వేశాడు. ఓడితే పరిహారమూ లేదు, బతుకుతెరువూ లేదు.

స్టామెంకా కాఫీ పొడీ, లోకుం మిఠాయీ పట్టుకుని పరామర్శకు వచ్చింది. ముందు కాలికున్న పిండికట్టును తిట్టింది. తర్వాత ఇన్సూరెన్స్ కాగితాన్ని ఎత్తి పట్టుకుని చెడామడా వాయించింది.

"తెల్లగా ఉన్నావు కదా అని ఏదైనా మోసుకొచ్చేస్తావుటే? నిన్ను పొయ్యిలో పెట్టా!"

టిహోమిర్ నవ్వలేదు. "నాదే తప్పేమో అత్తయ్యా. నేనే చూసుకుని తొయ్యాల్సింది. అందరూ అనేది నిజమే, నేను చేతకానివాణ్ణే."

స్టామెంకా గది నాలుగు మూలలా చూసింది. తిట్టడానికి ఏమీ దొరకలేదు. చల్లారిపోయిన కాఫీ గుటుక్కున తాగి, "కోర్టుకి నేనూ వస్తున్నా" అని లేచింది.

కోర్టు హాలు ఉక్కపోతగా ఉంది. కంపెనీ లాయరు రాగానే, "మెడకి గాలి కొడుతోంది" అంటూ కిటికీ మూసేశాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదని రాడిసావ్ సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. తర్వాత స్టామెంకాను పిలిచారు. ఆమె కూర్చోగానే కుర్చీ కిర్రుమంది.

"నోర్ముయ్, కోర్టులో ఉన్నావు" అందామె.

న్యాయమూర్తి ఒక పెద్దావిడ. కళ్ళద్దాలు కిందికి దించి చూశారు. "ఎవర్నండీ అంటున్నారు?"

"కుర్చీనమ్మా. మీరు కానివ్వండి."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "చక్రం వదులైందని మీరు ఫిర్యాదు చేశారా?"

"చేశా."

"రాడిసావ్‌గారికా?"

"కాదు. బండికి."

వెనక బెంచీల్లో ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. లాయరు మొహం వెలిగిపోయింది. "విన్నారుగా! మనిషన్నవాడికి ఎవరికీ చెప్పలేదు!" టిహోమిర్ తల వాల్చేశాడు.

"బండికి ఏం చెప్పారు?" అని అడిగారు న్యాయమూర్తి.

"ఏముందమ్మా. ఒరేయ్ మంత్రీ, నీ ముందు చక్రం ఊడిపోతోందిరా అని..."

అలవాటైన నోళ్ళు ఆగుతాయా? వెనకనుంచి ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. "ఇవాళో రేపో ఎవడి కాలో విరగ్గొడతావు! అప్పుడైనా సిగ్గొస్తుందా నీకు?"

రాడిసావ్ ఉలిక్కిపడి లేచాడు. "చూశారా అమ్మా! వేసవి నుంచీ ఇదే గోల! చక్రం, చక్రం, చక్రం! సీజన్ అయ్యాక చూద్దాం, నోరుమూసుకోండని నేనెంత మొత్తుకున్నా..."

అక్కడికి అతనికే అర్థమైంది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. లాయరు కళ్ళు మూసుకున్నాడు.

"మొత్తుకున్నా? చెప్పండి, ఆగారేం?" అన్నారు న్యాయమూర్తి.

లాయరు ఆఖరి ప్రయత్నంగా, "అయినా ఆ మోకాలికి ముందే గాలి తగిలిందని అతనే ఒప్పుకున్నాడు" అన్నాడు.

స్టామెంకా లేచి నిలబడింది. బల్లవైపు చూసింది, కుర్చీవైపు చూసింది, రెంటినీ వదిలేసి లాయరు దగ్గరకు నడిచింది.

"అబ్బాయ్, ఆ కిటికీ ఎవరు మూశారు?"

"నేనే."

"ఎందుకూ?"

"మెడకి గాలి..."

"మరి రేపు మంత్రిగారొచ్చి నీ మెడ మీద పడితే తప్పు మెడదేనా?" స్టామెంకా గొంతు పెంచింది. "ఇన్నేళ్ళూ గిన్నెల్ని, తలుపుల్ని తిట్టాను. పాపం వాటిదేం తప్పు లేదయ్యా. చక్రం ఊడుతోందని తెలిసీ తోయించినవాణ్ణి అనాలి. కాలు విరిగినవాడి దగ్గరకొచ్చి, తప్పు కాలిదే అన్న మిమ్మల్ని అనాలి. సిగ్గు రావాల్సింది మీకు!"

మధ్యలో ఆపాల్సిన న్యాయమూర్తి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. తుడవడం చాలాసేపు పట్టింది.

తీర్పు టిహోమిర్ వైపే వచ్చింది. కంపెనీ పరిహారం ఇవ్వాలి, ఫ్యాక్టరీ ఉద్యోగం ఉంచాలి. బయట మెట్ల మీద చేతికర్ర పట్టుకుని నిలబడి అతను ఆశ్చర్యంగా అన్నాడు.

"అత్తయ్యా, నువ్వు మనుషుల్ని తిట్టావు!"

"అవున్రా, నోరు జారింది" అని ఆమె సిగ్గుపడింది.

"ఆ రాడిసావ్‌కి మొదట్లోనే నేరుగా చెప్పెయ్యకపోయావా?"

"వాడు పక్కనున్నప్పుడేగా రోజూ అరిచాను! నలుగురిలో తప్పు నీదే అంటే ఏ మనిషి తలెత్తుకుంటాడ్రా? వస్తువు మీద పెట్టి అంటే, వినేవాడు చాటుగా దిద్దుకుంటాడు. మా ఆయన పోయేనాటికి చుక్క ముట్టేవాడు కాదు తెలుసా? వీడికే బుద్ధి రాలేదు."

టిహోమిర్ ఒక మెట్టు దిగి ఆగాడు. "మరి ఆ మొదటిరోజు సీసాలు?"

"సీసాలకేమన్నా కాళ్ళున్నాయా దూకడానికి? నువ్వే పడేశావు."

"నీకు తెలుసా?"

"ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు."

టిహోమిర్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో కర్ర మెట్టు అంచు మీద పెట్టాడు, అది కాస్తా జారింది. స్టామెంకా ఒక చేత్తో అతని రెక్క పట్టుకుని, రెండో చేత్తో కర్రకు వేలు చూపించింది.

"ఏమే కర్రా! కళ్ళు నెత్తికెక్కాయా? కేసు గెలిచిన మనిషిని నడిపించడం ఇలాగేనా?"

కర్ర ఏమీ అనలేదు. టిహోమిర్ మాత్రం మిగతా మెట్లన్నీ చూసుకుంటూ దిగాడు.