కప్పకు కుదువ పెట్టిన తమ్ముడు

నా చిన్నప్పుడు మా ఊరు సాతంరాయిలో ఎండాకాలం తనంతట తాను వెళ్లిపోయేది కాదు. దాన్ని సాగనంపాల్సి వచ్చేది. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చిందని పంచాంగం చెప్పేది. ఆ రోజు చేపలు తినేవాళ్లు చేపల కూర వండుకునేవాళ్లు, తిననివాళ్లు బెల్లంలో ఇంగువ పెట్టుకుని మింగేవాళ్లు. భూమ్మీద అంతా పద్ధతి ప్రకారమే జరిగేది. ఆకాశానికి మాత్రం ఎవరూ కబురు చెప్పినట్టు ఉండేది కాదు. అదే తెల్లటి ఎండ, అదే వడగాలి. కొన్నాళ్లు ఓపిక పట్టాక అరుగు మీది ముసలాయన ఎవరో ఒకరు విసనకర్ర ఆపి, "ఇగ కప్పతల్లి ఆడుండ్రి పోరగాండ్లు" అనేవాడు. మేం ఆ మాట కోసమే కాచుకుని ఉండేవాళ్లం.

రోకలి నడుమ వేపమండలు కట్టి, వాటి మధ్య తడిగుడ్డలో ఒక కప్పను పెట్టి, ఇద్దరు పిల్లలు చెరో కొస భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగడమే కప్పతల్లి. ప్రతి గడప ముందూ ఆగి పాట పాడితే ఆ ఇంటామె చెంబెడు నీళ్లు తెచ్చి కప్ప మీద పోసేది, దోసెడు జొన్నలో బియ్యమో పెట్టేది. నేల మీద కప్ప తడుస్తుంటే చూసి పైవాడు సిగ్గుపడి వాన పంపిస్తాడని పెద్దల లెక్క. మా లెక్క వేరు. బావులు అడుగంటి, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని దాన్నే స్నానం అనుకునే రోజులవి. నెత్తి మీద చెంబుల కొద్దీ నీళ్లు పడే అవకాశం ఏడాదికి అదొక్కటే. వచ్చిన గింజలతో వంట ఎలాగూ ఉంది. వాన మీద మాకు అంత ఆశేమీ లేదు. వాన పడితే బడి తెరుస్తారు.

ఆ ఏడాది చిక్కంతా కప్పతోనే వచ్చింది. ఇప్పుడు గోదాములు ఉన్నచోట అప్పుడొక కుంట ఉండేది. అది పూర్తిగా ఎండి నెర్రెలు బారింది. మా దండుకు నాయకుడు పక్కింటి అన్న. ఊళ్లోని రాళ్లన్నీ ఎత్తించి చూశాడు. ఒక తొండ దొరికింది. తొండతో పని నడుస్తుందా అని కాసేపు చర్చ జరిగింది. తొండను ఊరేగిస్తే ఏ కాలం వచ్చిపడుతుందో చెప్పగలిగినవాళ్లు మాలో లేరు కాబట్టి దాన్ని వదిలేశాం.

ఊరందరికీ తెలిసిన కప్ప ఒకటే మిగిలింది. అది మూలింటి అవ్వ ఇంట్లో ఉండేది. మా వీధి మూలన ఒంటరిగా ఉండే ముసలామెను పిల్లా పెద్దా అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆమె అరుగు నీడలో ఇసుక పోసి, దాని మీద తాగేనీళ్లకు పెద్ద మట్టి రంజన్ పెట్టుకుంది. రంజన్ ఊరిన చెమ్మకు ఆ ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది. ఎండలు ముదిరినప్పటి నుంచి పిడికెడంత కప్ప ఒకటి ఆ తడిలో కాపురం పెట్టింది. నీళ్లు ముంచుకునేటప్పుడు అవ్వ "జరుగు జర" అని దాన్ని గదమాయించేది, చెంబులోంచి నాలుగు చుక్కలు దాని మీద పడేసేది. ఒక్కదానివే ఎట్లా ఉంటావని ఎవరైనా జాలిపడితే, "ఒక్కదాన్నని ఎవలన్నరు? మేమిద్దరం" అనేది.

మేమంతా కలిసి ఆమె దగ్గరకు వెళ్లాం. నా చంకలో మా తమ్ముడున్నాడు. వాడికి నాలుగేళ్లు. మా అమ్మ చేనులో జొన్నకొయ్యలు ఏరడానికి కూలికి వెళుతూ, కాళ్లు కాలతాయి, వాణ్ని కిందకు దించొద్దని గట్టిగా చెప్పి వెళ్లేది. ఆ ఎండాకాలమంతా నేను ఒక పక్కకు ఒరిగే నడిచాను.

"అవ్వా, నీ కప్ప గావాలె. కప్పతల్లి ఆడనీకి," అన్నాడు పక్కింటి అన్న. "ఊరికోసం" అని కూడా కలిపాడు.

అవ్వ చేతిలోని చాట పక్కన పెట్టింది. "నిరుడు ఆడిన్రు గదా. ఆ కప్ప యాడున్నది?"

"వాన పడ్డది గదవ్వా."

"వాన సంగతి అడుగుతలేను. కప్ప యాడున్నదిరా?"

నిరుడు గింజలు రాగానే మా దృష్టంతా పొయ్యి మీదకు పోయింది. రోకలిని వేపమండలతో సహా మా ఇంటి గోడకు ఆనించి, అన్నం చుట్టూ చేరాం. రోకలి మాదే. మర్నాడు పొద్దున అమ్మ ఆ మండలు విప్పి చూసింది. చేతిలో ఏముందో నాకు కనబడకుండా కొంగు చాటున పెట్టుకుని పెరట్లోకి వెళ్లి వచ్చింది. తర్వాత ఆ రోకలిని చాలాసేపు కడిగింది. నేను కారణం అడగలేదు. చినుకులు పడుతున్నాయి, ఆ సంబరంలో ఉన్నాను.

"ఇస్త," అంది అవ్వ. "గని ఊకెనే ఇయ్య. ఏమన్న కుదువ వెట్టి తీస్కపోండ్రి."

పక్కింటి అన్న జేబులోంచి గోలీలు తీశాడు. అవ్వ వాటి వైపు చూడనైనా లేదు. ఆమె చూపు నా చంక మీద ఉంది.

"గా పోరగాన్ని ఈడ కూసోవెట్టుండ్రి. పొద్దు గూకకముందు నా కప్పను తెచ్చియ్యుండ్రి, మీ పోరగాన్ని తీస్కపోండ్రి. గంతే."

నేను నోరు తెరిచేలోపే పక్కింటి అన్న "సరే అవ్వా" అనేశాడు. తన తమ్ముడు కాదు కదా. కనీసం మా తమ్ముడైనా ఏడ్చి గోల చేస్తాడని ఆశపడ్డాను. అవ్వ అప్పటికే వాడి చేతిలో మామిడిపండు పెట్టింది. వాడు మోచేతుల దాకా రసం కార్చుకుంటూ నా చంకలోంచి తనంతట తానే జారి దిగిపోయాడు.

ఊరేగింపు మొదలైంది. రోకలి ఒక కొస నేనే పట్టుకున్నాను, ఇంకెవరినీ పట్టుకోనివ్వలేదు. మిగతావాళ్లంతా ఆకాశం వైపు చూస్తూ పాడారు, నేను కప్ప వైపు చూస్తూ పాడాను. ఇంటింటికీ ఒకసారి మండలు తొలగించి అది ఉందో లేదో చూశాను. నీడ కనబడిన చోటల్లా ఆగుదామన్నాను. దాని కళ్లలో పడుతున్నాయని, నీళ్లు మెల్లగా పొయ్యమని ఆడవాళ్లను బతిమాలాను. పక్కింటి అన్నకు విసుగొచ్చింది. "కప్పను అత్తగారింటికి తోల్కపోతున్నమా ఏంది? నడువ్ జర!" అన్నాడు.

వీధి చివర పెద్దింటామె ఇల్లు. ఊళ్లో బావులన్నీ ఎండినా వాళ్ల పెరటి బావిలో నీళ్లుండేవి. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని ఆమెకు భయం. అందరూ చెంబుతో పోస్తే ఆమె బిందెతో వచ్చింది. బిందెడు నీళ్లూ ఒక్కసారి కుమ్మరించింది. ఆ దెబ్బకు గుడ్డ జారిపోయింది. కప్ప ఎగిరి తిన్నగా పెద్దింటామె పాదం మీద కూర్చుంది. ఆమె పెట్టిన కేకకు బిందె ఒకవైపు, కప్ప ఒకవైపు వెళ్లాయి. బిందె దొరికింది. కప్ప వాకిటి పక్కన మురుగునీళ్లు పోయే మోరీలోకి దూకి, బండల కిందికి పోయింది.

మిగతావాళ్లు కాసేపు వెతికారు. ఆ తర్వాత పక్కింటి అన్న నా భుజం తట్టి, "పరేషాన్ గాకు. తమ్ముండ్లు మల్ల పుడ్తరు" అని ధైర్యం చెప్పాడు. నేను ఏడుపు అందుకోవడంతో అతనికి మరో ఉపాయం తోచింది. పెద్దింటి పెరట్లో గిన్నెలు తోమేచోట బొటనవేలంత కప్పపిల్ల ఒకటి దొరికితే, దాన్ని దోసిట్లో పెట్టుకుని మమ్మల్ని అవ్వ దగ్గరకు నడిపించాడు.

అవ్వ దాన్ని చూసింది, అతన్ని చూసింది. "ఏందిది?"

"నీ కప్పేనవ్వా."

"నాది పిడికెడంత ఉండె."

"ఎండకు వాడింది."

"అట్లనా? ఐతే మీ పోరగాన్ని గూడ ఎండల నిలవెడ్త. గింతయినంక వచ్చి తీస్కపోండ్రి."

తమ్ముడి కోసం అరుగు మీదకు తొంగిచూశాను. రంజన్ పక్కన తడి ఇసుకలో, కప్ప ఉండే చోటే, ఒంటి మీద బట్ట లేకుండా బోర్లా పడుకుని ఉన్నాడు. అంబలి తాగిన మీసం మూతి మీద ఆరిపోయి ఉంది. రమ్మని పిలిస్తే, "రాను. నేను కప్పను" అన్నాడు. నిజమేనని చూపించడానికి లేచి రెండు గెంతులు గెంతి మళ్లీ పడుకున్నాడు.

"నాకేం నష్టం లేదు బిడ్డా," అంది అవ్వ. "జాగ ఖాళీ లేదు."

మా దండు గింజలు తీసుకుని వంటకు వెళ్లిపోయింది. నేను మోరీ దగ్గరకు తిరిగి వచ్చి, పొట్ట మీద పడుకుని బండల సందుల్లో చేతులు పెట్టి వెతికాను. పొద్దు వాలుతోంది. అమ్మ వచ్చేస్తుంది. తమ్ముడు ఏడని అడుగుతుంది. కప్ప కోసం కుదువ పెట్టానని చెప్పాలి. ఆ మాట ఎన్ని విధాలుగా అనుకుని చూసినా దెబ్బలు తప్పే విధం ఒక్కటీ దొరకలేదు. దెబ్బల సంగతి సరే, తమ్ముడు ఇక ఎప్పటికీ ఆ రంజన్ పక్కనే ఉండిపోతాడేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది. మూలింటి అవ్వ అన్నమాట వెనక్కి తీసుకోవడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

అమ్మ నెత్తి మీద కొయ్యల మోపుతో వస్తూ నన్ను మోరీలో చూసి ఆగింది. "పిల్లగాడేడి?"

"మూలింటి అవ్వ తాన ఉన్నడు."

"ఆడెందుకున్నడు?"

"కుదువ వెట్టిన."

అమ్మ మోపు కింద పడేసింది. నేనంతా చెప్పాను. ఆమె మూలింటి వైపు నడిచింది. మా అమ్మ నోటికి వీధి మొత్తం భయపడేది. ఇవాళ అవ్వ పని అయిపోతుందని, నా పని తర్వాత అవుతుందని అనుకుంటూ వెనకే పరిగెత్తాను.

అమ్మను చూసినా అవ్వ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "కప్ప రాలే. పిల్లగాన్నెట్ల ఇయ్యాలె?" అంది.

అమ్మ తమ్ముణ్ని చూసింది. రంజన్ చుట్టూ ఉన్న ఇసుకను చూసింది. గొడవ ఎప్పుడు మొదలవుతుందా అని నేను గుంజను పట్టుకుని నిలబడ్డాను.

"నిరుటిదాన్ని నేనే తీసి పడేసిన అవ్వా," అంది అమ్మ మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి కొంగు నడుముకు దోపింది. "యాడ ఇడిశిన్రో సూపెట్టు."

పొద్దంతా చేనులో వంగి వచ్చిన మనిషి మళ్లీ మోరీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. దారిన పోయేవాళ్లు ఏం పోయిందని అడిగితే "కప్ప" అని చెప్పింది. మొదట నవ్వినవాళ్లే తర్వాత వంగి చూడడం మొదలుపెట్టారు. వండుకున్న అన్నం తింటూ మా దండు వచ్చింది. కాసేపటికి పెద్దింటామె కూడా బయటకు వచ్చి, కప్ప పోయింది తన వాకిట్లో కాబట్టి తీయించే బాధ్యత తనదేనంది. మోరీ పైకొసన నిలబడి బిందె తర్వాత బిందె తోడించి పోయించింది. పొద్దున వాన కోసం పోసిన నీళ్ల కంటే సాయంత్రం కప్ప కోసం పోసిన నీళ్లే ఎక్కువ. చివరికి మోరీ కిందికొసన, కొట్టుకొచ్చిన వేపాకుల నడుమ అది తేలింది. మా అందరి మీదా కోపంగా ఉన్నట్టు బుగ్గలు పొంగించి కూర్చుంది. రెండు చేతులతో పట్టుకున్నాను. అది నా చేతులు తడిపింది. నేను వదల్లేదు.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తనదేనని ఒప్పుకుంది. చెంబెడు నీళ్లు పోసి ఇసుకలో వదిలింది. తన చోటు పోయిందని తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ వాణ్ని చంకనేసుకుంది. అప్పుడు అవ్వ మా అందరి వైపూ చూసి అంది: "మొక్కింది మీరు, తడిసింది అది. పనయినంక దాన్ని ఇంటికాడ దించాలెనా వద్దా? దానికి ఇల్లు లేదా?"

ఆ రాత్రి వాన పడిందని రాస్తే ఈ ముచ్చటకు అందంగా ఉండేది. పడలేదు. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ అడగని ఒక మధ్యాహ్నం వచ్చి, మిద్దెల మీది వడియాలన్నీ తడిపి, మా బడి తెరిపించింది. అవ్వ రంజన్‌ను బోర్లించి మూలన పెట్టింది. అంతకుముందే కప్ప వెళ్లిపోయిందట. "ఒక్కమాట సెప్పకుంట పోయిందే," అని అవ్వ ఆ వానాకాలమంతా వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంది.

అమ్మ నన్ను ఆ రోజు కొట్టలేదు. కానీ అవ్వ అడిగిన మాట నాలో ఎక్కడో నాటుకుపోయింది. ఇప్పటికీ ఏ శుభకార్యమైనా అయిపోయాక డప్పుల వాళ్లు ఎట్లా వెళ్తారు, వడ్డించిన పిల్లలకు బండి ఉందా, లైట్లు కట్టిన అబ్బాయిది ఏ ఊరు అని అడగకుండా నేను కదలలేను. మా వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

నిరుడు ఆషాఢం రాకముందు, చివరి ముహూర్తాల్లో మా మనవరాలి పెండ్లి శంషాబాద్ దగ్గర ఫంక్షన్ హాల్లో చేశాం. పగటి పెండ్లి. సాయంత్రానికి అందరూ వెళ్లిపోతుంటే నేను వంటవాళ్ల దగ్గరకు వెళ్లి, తుక్కుగూడ నుంచి వడ్డించడానికి వచ్చిన పిల్లలను ఎవరు దించుతారో, మిగతావాళ్లు ఏ బండిలో పోతారో అడిగి తెలుసుకుంటున్నాను. ఈలోగా ముందు కారువాళ్లు నేను వెనక కారులో ఉన్నాననుకున్నారు, వెనక కారువాళ్లు ముందు కారులో ఉన్నాననుకున్నారు. నేను బయటకు వచ్చేసరికి వాకిట్లో ఒక్క కారూ లేదు. నా ఫోను కూడా ఏదో కారులోనే వెళ్లిపోయింది.

వడ్డించిన అమ్మాయి ఒకతి నన్ను చూసి పకపకా నవ్వింది. "అందరిని అడిగినవ్ గదవ్వా, మరి నువ్వెట్ల పోతవ్?" అంది.

వంటవాళ్లు తమ డేగ్చాలు, గిన్నెలు సర్ది, తమ బండిలో ముందు సీటు నాకిచ్చారు. దారంతా వెనక గరిటెలు గలగలలాడుతూనే ఉన్నాయి. ఇంటి ముందు దించాక, వెళ్లండి బిడ్డా అన్నాను. ఎవరూ వినలేదు. నేను గేటు తీసుకుని, మెట్లెక్కి, తలుపు తట్టి, లోపలి నుంచి ఎవరో వచ్చి తెరిచేదాకా ఆ బండి కదలలేదు.