గాలి గొడుగుకు వేసిన అతుకు

మా నాయన చిత్తూరు కోర్టు వీధిలో వకీళ్ళకు నల్లకోట్లు, గౌన్లు కుట్టేవాడు. నేను ఆ నల్లగుడ్డల మధ్యనే పెరిగాను. మా ఇంట్లోనే పెరిగిన మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయినా ఆ ఇల్లు వదిలే పని పడలేదు. మా బావ లారీ నడిపేవాడు. యుద్ధం వచ్చినప్పుడు మిలిటరీలో చేరి, బర్మా సరిహద్దు అడవుల దాకా వెళ్ళి, అంతా ముగిశాక ఇంటికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మాట మాత్రం అక్కడే ఎక్కడో వదిలేసి వచ్చాడు.

అన్నం పెడితే తినేవాడు. నాయన పిలిస్తే లేచి నిలబడేవాడు. మిగతా పొద్దంతా అరుగు మీద కూర్చుని, ఎదుటి పెంకుటిళ్ళ పైన ఆకాశాన్ని చూస్తూ ఉండేవాడు. విమానం చప్పుడు వినిపిస్తే లోపలికి వచ్చేసేవాడు. నేను మిషను తొక్కుతూ కిటికీలోంచి ఆయన వీపు చూసేదాన్ని. ఆ రెండేళ్ళూ తలచుకుంటే, పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకుని చూసినట్టు ఉంటాయి. పగలు ఎప్పుడు సాయంత్రం అయ్యేదో తెలిసేది కాదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో మా ఊళ్ళో మామిడిపళ్ళ ప్రదర్శన పెట్టారు. మండీ యజమాని ఒకాయన దానికి పెద్ద. జనం రావాలంటే పళ్ళు చాలవనుకున్నాడేమో, మద్రాసు నుంచి ఒక చిన్న విమానాన్ని, అందులోంచి దూకే మనిషిని పిలిపించాడు. "ఇమానంలోనించి మనిషి దూకతాడహో!" అని తప్పెట కొట్టించారు. ఆ మాట వినగానే మా బావ అరుగు దిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

దూకే మనిషి రెండు రోజుల ముందే జట్కాలో మా అంగడి ముందు దిగాడు. సన్నటి మనిషి, నాకంటే కొంచెం పెద్ద వయసు ఉంటుంది. మాట నెల్లూరు వైపుది. ఒళ్ళో పెద్ద మూట, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అయ్యా, దీనికి అతుకు వేయాల. పోయినసారి దిగినప్పుడు తుమ్మచెట్టుకు తగులుకున్నా. గుడ్డా దారమూ నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు నాయనతో.

నాయన ఒక అంచు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. "అబ్బా, నా కళ్ళకు నల్లగుడ్డే సగం కనపడదు. ఈ తెల్లది యాడ కనపడతాది? నా బిడ్డ కుడతాది. దాని చెయ్యి నాకన్నా నిలకడ."

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇది నేను తగిలించుకుని దూకే గాలి గొడుగు. తెలుసు కదా?"

"తెలుసు," అన్నాను.

ఆ గుడ్డ ఒళ్ళోకి తీసుకుంటే బరువే లేదు. నీళ్ళు ఒడిలో పోసుకున్నట్టు జారిపోతుంది. మిషను పాదం కింద అసలు నిలవలేదు. నాయన గాలిపటాల కాగితం తెప్పించి, గుడ్డ కింద పరిచి, రెండూ కలిపి కుట్టి తరవాత కాగితం చింపేయమన్నాడు. అప్పుడు మాట విన్నది. చిరుగు చుట్టూ గుడ్డను చదరంగా కోసి, ఆయన తెచ్చిన గుడ్డముక్క పెట్టి, పైనా కిందా అంచులు ఒకదానిలో ఒకటి మడిచి, జంటకుట్లు వేశాను. ఆయన పక్కన పీట మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. పూర్తయ్యాక వెలుతురుకు ఎత్తిపట్టి, వేలి కొనతో కుట్టు వెంబడే నడుచుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ ఒక కుట్టు దాటేసింది తల్లీ. ఈ వరస ఇప్పేసి మళ్ళా వెయ్యి."

నాకు రోషం రాలేదు. పైగా గుండె కుదుటపడింది. నా తరవాత ఇంకొక కన్ను ఉందన్న మాట. ఆ వరస విప్పి మళ్ళీ కుట్టాను.

అప్పుడే మా బావ లోపలికి వచ్చాడు. గడప దగ్గర నిలబడి, నా ఒళ్ళోంచి నేల మీదికి, నేల మీంచి గోడ దాకా పరుచుకున్న ఆ తెల్లదనాన్ని చూశాడు. వంగి ఒక మడత పట్టుకున్నాడు.

"ఏమ్మే, మనిషికా కుడతాండావు?" అన్నాడు.

రెండేళ్ళలో నా మొహం చూసి ఆయన అడిగిన మొదటి మాట అది.

"అవును బావా."

"వద్దు. కుట్టొద్దు. ఇది ఒగోసారి పైన ఇచ్చుకోదు, మూసుకునే పడతాది."

దూకే ఆయన లేచి నిలబడ్డాడు. "బర్మాలో ఉన్నారా అన్నా?" అని మెల్లగా అడిగాడు.

ఇక మా బావ నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. దారులు తెగిపోయి లారీలు బురదలో నిలిచిపోతే, బియ్యం, మందులు పైనుంచి వేసేవాళ్ళట. ఎర్రవి, పచ్చవి, తెల్లవి గొడుగులు అడవి మీద దిగుతుంటే ఆకలి మరిచిపోయి చూసేవాళ్ళట. "అన్నీ ఇచ్చుకున్యాయి. ఒగటి మాత్రం ఇచ్చుకోలా. తాడు మాదిరి మెలిపడి, మూటతో నేరుగా వచ్చేసినాది. నా పక్కన వంటాయన నిలబడి ఉండె. 'సూడప్పా, అన్నం వస్తాండాది' అంటాండె. ఆ మూట ఆయన మీదనే పడినాది. మన చిత్తూరాయనే. మాట మధ్యలో..." అని ఆగిపోయాడు.

నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉన్నాడు.

దూకే ఆయన ఓదార్చలేదు. "అది మూటలు వేసే గొడుగు అన్నా. హడావుడిలో మడిచి ఉంటారు. దీన్ని నేనే మడుస్తా. నాది నేను మడవకపోతే తగిలించుకోను. మీరూ రండి, చూద్దురు గాని," అన్నాడు.

మడిచే ముందు దాన్ని ఆరబెట్టాలి. తుమ్మచెట్టు నుంచి దించేటప్పుడు వానకు కొంత తడిసిందట. తడి ఉంటే మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయన్నాడు. సెలవులకు మూసిన బడి ఒకటి మా వీధి చివర ఉండేది. దాని హాలు ఎత్తయినది. కావలి మనిషిని అడిగి తలుపు తీయించి, దూలానికి తాడు వేసి, గొడుగు నడినెత్తిని పట్టి పైకి లాగారు.

ఆ మధ్యాహ్నం నా బతుకులో మరే మధ్యాహ్నంలాగానూ లేదు. దూలం నుంచి నేల దాకా తెల్లటి గుడ్డ దిగి వేలాడుతూ, కిటికీల నుంచి వేడిగాలి వచ్చినప్పుడల్లా ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి మళ్ళీ కుంగుతూ ఉంది. కుట్లు సరిచూద్దామని అంచు ఎత్తి లోపలికి వెళ్ళాను. లోపల ఎండ పాలలాగా ఉంది. బయట మనుషులు నీడలయ్యారు. వీధిలో జట్కా గంటలు ఎక్కడో నీళ్ళ అడుగున మోగినట్టు వినిపించాయి. నా అతుకు తల పైన, కొంచెం ముదురు తెలుపులో, చిన్న కిటికీలాగా కనిపించింది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా బావ కూడా అంచు ఎత్తుకుని లోపలికి వచ్చాడు. ఇద్దరం తలలెత్తి చూస్తూ ఉండిపోయాం. ఆయన చేయి నా భుజం మీద ఎప్పుడు పడిందో కూడా నాకు తెలియలేదు.

సాయంత్రం బల్లలన్నీ వరసగా చేర్చి వాటి మీద పరిచారు. దూకే ఆయన ఒక్కొక్క తాడునూ మొదటి నుంచి చివరి దాకా వేళ్ళ మధ్యనుంచి పోనిచ్చాడు. ఎక్కడా మెలి లేదని చూసుకుని, గుడ్డ రేకులను పుస్తకంలో పుటలు తిప్పినట్టు ఒకదాని మీద ఒకటి వేశాడు. ఆయన చెప్పినచోట మా బావ చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. అంత గుడ్డ చివరికి ఒక దిండంత సంచిలో ఇమిడిపోయింది. సంచి మూతకు పిన్నులు, పిన్నులకు తాడు. అది లాగితే పిన్నులు ఊడి మూత తెరుచుకుంటుంది. రొమ్ము మీద కట్టుకునే ఇంకొక చిన్న సంచి కూడా చూపించాడు.

"ఇది ఎందుకు?" అని అడిగాను.

"మొదటిది మాట వినకపోతే దీన్ని అడుగుతా," అని నవ్వాడు.

ప్రదర్శన నాడు ఊరి బయట బయల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. పాకాల నుంచి రైల్లో వచ్చినవాళ్ళు, బంగారుపాళ్యం వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు. రెండు రెక్కల చిన్న విమానం తుమ్మెదలాగా ఒక మూల నిలబడి ఉంది. మధ్యాహ్నం తిరిగేసరికి పడమటి కొండల మీద మబ్బు పట్టింది. పందిళ్ళ గుడ్డలు టపటపా కొట్టుకున్నాయి. దూకే ఆయన, గాలి చూడటానికి వెదురుకు కట్టిన గుడ్డపీలికను చూశాడు. అది కర్రలాగా బిగుసుకుని నిలబడి ఉంది. గుప్పెడు మన్ను పైకి విసిరాడు. అది కింద పడకుండానే ఎటో పోయింది.

"ఈరోజు దూకను," అన్నాడు.

మండీ యజమాని మొహం కందిపోయింది. "ఏం మాటయ్యా అది? ఇంత మంది పొద్దన్నించీ ఎండలో నిలబడి ఉండారు. నా మొగం యాడ పెట్టుకునేది?"

"గాలి ఎక్కువగా ఉంది. దిగినా నన్ను ఈడ్చుకుపోతుంది. లేకుంటే జనం మీద పడతా."

"పిరికోడు రా!" అని ఎవరో అరిచారు. మరికొందరు అందుకున్నారు. ఒక మామిడి టెంక వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన తలవంచుకుని భుజాల పట్టీలు విప్పుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా బావ జనంలోంచి నడిచి వెళ్ళి విమానం రెక్క పక్కన నిలబడ్డాడు. లారీ డ్రైవర్ల గొంతు ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. ఆ రోజు మళ్ళీ విన్నాను.

"ఎవరప్పా పిరికోడు అనింది? ముందుకు రా, సూద్దాం. పైనించి పడితే ఏమైతాదో మీరు సూడలా. నేను సూసినా. ఆ మనిషి వద్దంటాండాడు, గాలి కనపడతానే ఉండాది. బలవంతంగా తోసి, పడినాక ఎవురు ఎత్తుకుంటారు? నువ్వు ఎత్తుకుంటావా అబ్బా? నువ్వా?"

ఒక్కొక్కరి మొహం చూసి అడిగాడు. "రేపు పొద్దున్నే గాలి పడిపోతాది. అప్పుడు రాండి. సూసి పోదురు," అన్నాడు. మండీ యజమాని తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "సరేలేప్పా, రేపే కానీ," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్ళాం. సగం జనమే ఉన్నారు. బండ్ల కింద పడుకుని లేచినవాళ్ళు వేపపుల్లలతో పళ్ళు తోముకుంటున్నారు. వెదురుకు కట్టిన పీలిక వేలాడుతూ నిద్రపోతున్నట్టు ఉంది. కొండల అడుగున మంచు పల్చగా పరుచుకుని, కొండలు నేలకు అంటకుండా తేలుతున్నట్టు కనిపించాయి. విమానం లేచి, చుట్లు తిరిగి తిరిగి, చుక్కంత అయింది. ఆ చప్పుడుకు మా బావ ఎక్కడికీ పరుగెత్తలేదు. నా పక్కనే నిలబడ్డాడు.

చుక్కలోంచి ఇంకొక చుక్క రాలింది.

అది రాలుతూనే ఉంది. నాకు మిషను సూది కళ్ళ ముందు ఆడింది, పైకీ కిందికీ, పైకీ కిందికీ. తరవాత ఆ చుక్క వెనక పొగలాంటిది సన్నగా సాగింది. మా బావ వేళ్ళు నా మణికట్టును నొక్కేశాయి. పొగ ఉబ్బింది, గుండ్రమైంది, తెల్లగా విచ్చుకుంది. తడిచీర జాడించినట్టు చప్పుడు ఆ తరవాత గాని మాకు చేరలేదు.

ఎవరూ కేకలు వేయలేదు. అంతమంది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు. ఆయన అక్కడే వేలాడుతున్నాడా, దిగుతున్నాడా తెలియలేదు. పొద్దు వెలుగు గొడుగుకు ఒక పక్కన ఎర్రగా పడింది. నా అతుకు కోసం వెతికాను. కనిపించలేదు. విడిపోలేదు కదా, నాకు అదే చాలనిపించింది. కొంచెం సేపటికి పైనుంచి మనిషి గొంతు, స్పష్టంగా, పక్కింటి మిద్దె మీంచి పిలిచినట్టు వినిపించింది.

"జరగండయ్యా, జరగండి!"

అప్పుడు నవ్వారు జనం.

దుక్కి దున్నిన చేలో దిగాడు. మా బావ పరుగెత్తుకుంటూ వెళ్ళి, గొడుగు మళ్ళీ గాలి నింపుకోకముందే అంచు పట్టుకుని తొక్కి అణిచాడు. నేను చేరేసరికి ఇద్దరూ మట్టిలో కూర్చుని ఉన్నారు. దూకే ఆయనకు చీలమండ కొంచెం బెణికింది. మా బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, "యాడ నొస్తాండాది? ఈడనా?" అని అడుగుతున్నాడు. మా బావ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

ఆ పూట దూకే ఆయన మా ఇంట్లోనే సంగటిలో చెనిక్కాయల ఊరిబిండి నంజుకుని తిన్నాడు. నాయన ఆయనకు మామిడిపళ్ళ బుట్ట కట్టించాడు. పొద్దెక్కాక విమానం ఊరి మీద ఒక చుట్టు తిరిగి తూర్పుకు పోయింది. ఆయన్ను మళ్ళీ చూడలేదు. తరవాత ఎన్ని ఊళ్ళలో దిగాడో తెలియదు.

మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చింది. పందిళ్ళు కూలిపోయాయని వీధిలో చెప్పుకుంటూ పోయారు. మేము అరుగు మీద కూర్చుని వాన చూస్తున్నాం. మా బావ ఉన్నట్టుండి అడిగాడు.

"ఏమ్మే, నిన్ను ఇమానంలో ఎక్కిస్తే ఎక్కుతావా?"

"ఎక్కుతా."

"దూకతావా?"

"నువ్వు మడిస్తే దూకతా," అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. ఆషాఢం పోయాక తిరుపతి బస్సు మీద డ్రైవరుగా కుదిరాడు. బర్మా గురించి మళ్ళీ ఎక్కువ చెప్పలేదు. కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచేవాడు. కానీ అప్పటి నుంచి, లేచినప్పుడు నన్ను పిలిచేవాడు.