కడిగి ఇచ్చిన కెమెరా

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో పిల్లి ఈనితే పులి ఈనిందని వాడకట్టంతా తిరిగి చెప్పే రకం. కాబట్టి ఇందులోని కొలతలన్నీ సగానికి తగ్గించుకుని చదవండి. భయాన్ని మాత్రం తగ్గించకండి. దాన్ని పెంచి చెప్పడం నా వల్ల కూడా కాలేదు.

నగరం సాగర్ రోడ్డు పట్టుకుని మా ఇబ్రహీంపట్నం మీదికి ఉరికొస్తున్న రోజులవి. పొద్దున కందిచేనుగా ఉన్నది సాయంత్రానికి తెల్ల రాళ్ళు పాతిన వెంచర్ అయ్యేది. మా పక్కింటన్న మన్నెగూడ దగ్గర ప్లాట్లు అమ్మేవాడు. ఆ రాళ్ళను కొనేవాళ్ళకు చూపించడానికి డిజిటల్ కెమెరా కొన్నాడు. మా గల్లీ మొత్తానికి అదొక్కటే. అడిగితే ఇచ్చాడు గానీ, ఇచ్చే ముందు నూనె జిడ్డేమైనా ఉందేమోనని నా చేతులు వాసన చూశాడు.

కెమెరా ఎందుకంటే, మా అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి. మూడో ఏడు దాటిపోకూడదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి కనుక ఒడి నాది. బావ మస్కట్‌లో పనిచేసేవాడు. కొడుకు కడుపులో ఉండగా వెళ్ళిన మనిషి, సెలవు దొరక్క ఇంకా రాలేదు. పిల్లవాడి జుట్టు ఉంగరాలు తిరిగి నడుము దాకా ఉండేది. సరే, మెడ దాకా.

"కత్తెర పడకముందే తియ్యిరా తమ్మీ," అంది అక్క. "ఆయన ఒక్కసారన్న వాన్ని ఆ జుట్టుతోని చూడాలె. అంతే నాకు."

గుట్ట మీది గుడికి పోయాం. నిలబెట్టి, కూర్చోబెట్టి, ఏడిపించి, నవ్వించి తీశాను. తర్వాత నా ఒడిలోనే వాడి తల కొత్త కుండలా బయటపడింది.

మర్నాడు పొద్దున్నే బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్ళి, కెమెరాకు కేబుల్ తగిలించి, ఫోటోల ఫోల్డర్‌ను మౌస్‌తో లాక్కొచ్చి కంప్యూటర్ మీద వదిలాను. అక్కడ ఒక బొమ్మ వచ్చి కూర్చుంది. నొక్కితే ఫోటోలన్నీ తెరుచుకున్నాయి. రాకెట్ పంపినవాడిలా కాలరు సర్దుకుని ఇంటికి వచ్చాను.

కెమెరా ఆ సాయంత్రం తిరిగి ఇవ్వాలి. అమ్మకు ఒక పట్టింపు ఉంది. పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే ఆ గిన్నె తళతళలాడేటట్టు తోమాలి. అడుగున గుప్పెడు చక్కెరో బియ్యమో పోసి పంపాలి.

"అడిగి తెచ్చినది కడిగి ఇయ్యాలె బిడ్డా. ఖాళీగ ఇయ్యొద్దు," అంది, నా చేతిలో కెమెరా చూసి.

నేను అమ్మ మాట జవదాటే కొడుకును కాను. కెమెరాలోని ఫోటోలన్నీ తుడిచేశాను. అది కడగడం. తర్వాత మా కోళ్ళను అన్ని కోణాల నుంచీ తీసి నింపాను. అది చక్కెర.

మధ్యాహ్నం కెమెరా పట్టుకుని, అక్కతో, గుండుతో కలిసి మళ్ళీ నెట్ సెంటర్‌కు వెళ్ళాను. ఫోటోలు బావకు మెయిల్ చేయాలి. అక్క అద్దాల తలుపు బయట నిలబడి అప్పటికే మస్కట్‌కు ఫోన్ కలిపేసింది. "కంప్యూటర్ ముందటనే కూసోండ్రి. గిప్పుడే వస్తయ్."

లోపల నేను ఆ బొమ్మను నొక్కాను. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. సెంటర్ నడిపే అన్న మిర్చిబజ్జీ నములుతూ వచ్చి చూశాడు.

"గివి ఫోటోలు కావు తమ్మీ. షార్ట్‌కట్. ఫోటోల కాడికి పోయే తొవ్వ. కేబుల్ పీకినవ్, తొవ్వ తెగింది. ఫికర్ జెయ్యకు, కెమెరాల ఉంటయ్ గదా."

"లేవన్నా. కడిగిన."

"ఏం కడిగినవ్?"

"కెమెరా. అన్నీ తుడిచిన."

బజ్జీ నోటి దగ్గర ఆగింది. "తుడిచినా తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటున్నదంటరు. నేనెన్నడు వాడలే. కాకపోతే మీదికెల్లి కొత్తవి తియ్యొద్దు. తియ్యలే గదా?"

నేను మెల్లగా కెమెరాను వెనక్కి దాచాను.

"ఏం దీసినవ్?"

"కోళ్ళు."

"ఎన్ని?"

"మస్తు. ఖాళీగ ఇయ్యొద్దు గదన్నా."

"నీ అసొంటోడు మేనమామయితే ఆ పోరనికి గుండు గాక ఇంకేం మిగుల్తది!"

ఆ యేడు ఇబ్రహీంపట్నం చెరువు ఎండి పగుళ్ళు తేలి ఉంది. నాకు అప్పుడు పట్టిన చెమటను కాలువ తీసి మళ్ళిస్తే నిండి మత్తడి దూకేది. మా అక్కకు కోపం వస్తే హయత్‌నగర్ డిపోలో బస్సులు స్టార్ట్ కావు. కానీ నన్ను వణికించింది ఆ కోపం కాదు. జుట్టు మళ్ళీ పెరుగుతుంది. పుట్టువెంట్రుకలు మళ్ళీ పెరగవు. అద్దం అవతల అక్క ఫోన్‌లో నవ్వుతోంది. "వస్తున్నయంటున్న గదా, జర ఆగుండ్రి."

అన్న కెమెరాకు కేబుల్ తగిలించి సాఫ్ట్‌వేర్ వేశాడు. తెర మీద పచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. దానికంటే మా తాత వేగంగా నడిచేవాడు, ఆయన పోయిన తర్వాత కూడా. మొదట కోడి వచ్చింది. తర్వాత ఇంకో కోడి. ఆ తర్వాత పక్కింటన్న ఎప్పుడో తీసి తుడిచేసిన తెల్ల రాళ్ళు వరసపెట్టి లేచొచ్చాయి.

"ప్లాటేమన్న కొంటవా?" అన్నాడు అన్న.

గుట్ట మెట్లు వచ్చాయి. ఒక చెవి వచ్చింది. ఒక ఫోటోలో అంతా గీతలే. పచ్చ గీత చివరికి చేరుతుండగా ఒక్కటి, ఒకే ఒక్కటి, నిలబడింది. ఉంగరాల జుట్టు, నుదురు, కళ్ళు. ముక్కు కింద నుంచి అంతా బూడిదరంగు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. "అయిందారా? గా చెమటలేంది?" అక్క తెర చూసింది. "మూతేది?"

మొత్తం చెప్పాను. కోళ్ళను కూడా దాచలేదు. అక్క పకపకా నవ్వింది. నా భయం అక్కడికక్కడే దిగిపోయింది.

ఇక ఒప్పుకోవాలి. చెరువు, బస్సులు, మా తాత నడక, వీటిని మీరు ఎలాగూ నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది అక్క నవ్వును.

ఆమె నవ్వలేదు. చంకలో పిల్లవాడు నిద్రపోతున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీది బూడిదరంగుకు అరచేయి అడ్డం పెట్టి, పైనున్న జుట్టును చాలాసేపు చూసింది. ఫోన్‌లోంచి బావ "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

"కెమెరా ఇయ్యి," అంది చివరికి.

కేబుల్ పీకి ఇచ్చాను. ఒళ్ళో నిద్రపోతున్న గుండును దగ్గరగా పట్టుకుని, మూతి బాగా పడేటట్టు ఒక ఫోటో తీసింది.

"జుట్టు గా ఫోటోల, మూతి గీ ఫోటోల. రెండూ కలిపి చూస్కుంటడు. పంపమను."

పంపమన్నది నన్ను కాదు, సెంటర్ అన్నను. నేను కేబుల్ వైపు చెయ్యి చాపితే, నా వైపు చూడకుండానే ఆ చేతిని పక్కకు నెట్టేసింది.