లావణ్య కాలేజీ కోసం కె. కోటపాడు నుంచి విజయనగరం దాకా

మా అక్క కూతురు లావణ్యకు ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకుకి రెండు కాలేజీలు అందేలా ఉన్నాయి. ఒకటి అనకాపల్లి దగ్గర హైవే పక్కన. కాలేజీ బస్సు కె. కోటపాడు సెంటర్లోనే ఎక్కించుకుంటుంది, రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. రెండోది విజయనగరం అవతల, అక్కడైతే హాస్టల్ తప్పదు. లావణ్యకు సివిల్ ఇంజినీరింగ్ కావాలి. వాళ్ల ఊరి పక్కన కొత్త రోడ్డు వేసినన్నాళ్లూ స్కూలు వదలగానే అక్కడికి పోయి చూస్తూ నిలబడిన పిల్ల. దూరం పంపడం బావకి ఇష్టం లేదు. చెరకు తోట, పాడి గేదెలు తప్ప ఇంకో లోకం పట్టని మనిషి అయినా కూతురి విషయంలో మాత్రం అడుగడుగునా ఆలోచిస్తాడు. ఇంట్లో కూర్చుని వాదించుకునే బదులు ముగ్గురం వెళ్లి రెండూ చూసొద్దామన్నాను. అనకాపల్లిలో ఉద్యోగం చేసుకునే నేను ఒక రోజు సెలవు పెట్టి, ముందు రోజు సాయంత్రమే వాళ్లింటికి చేరాను.

పొద్దున్న ఆరున్నరకి సెంటర్లో కాలేజీ బస్సు ఆగింది. చూడటానికి వస్తున్నామని చెబితే డ్రైవరు వెనక సీట్లు చూపించాడు. బైకు మీద ముప్పావుగంట దారి అని బావ లెక్క. బస్సు మాత్రం ఊరూరా పిల్లల్ని ఎక్కించుకుంటూ, మట్టిరోడ్లలో ఒరుగుతూ దాదాపు రెండు గంటలు నడిచింది. ముందు సీటులోని అమ్మాయి పుస్తకం తెరిచి, కుదుపులకి చదవలేక మూసేసింది. మా లావణ్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. రోజూ ఇంతేనా అని నేనడిగితే, వానాకాలం ఇంకా ఆలస్యమవుద్దని డ్రైవరు నవ్వాడు.

కాలేజీ బాగానే ఉంది. కొత్త రంగులు, చల్లటి కంప్యూటర్ గదులు. సివిల్ ల్యాబు చూపించమంటే తాళాలు వెతకడానికి కాస్త సమయం పట్టింది. లోపల యంత్రాల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. అక్కడి లెక్చరర్ మనసున్న మనిషి. సివిల్‌లో చేరేవాళ్లు తగ్గిపోయారని, ఈ బ్రాంచి వచ్చే ఏడు ఉంటుందో లేదో తనకే తెలియదని, కంప్యూటర్స్ తీసుకుంటే మంచిదని దాపరికం లేకుండా చెప్పాడు. బావ ముఖం వెలిగింది.

“కంప్యూటరే రాసేద్దారి. ఇంటికాడ నుంచి ఎల్లొచ్చు కదా, ఏటంటావు?” అన్నాడు నాతో. లావణ్య ఒక యంత్రం మీది గుడ్డ అంచు ఎత్తి చూసింది.

అక్కడ్నుంచి ఆటోలో అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చి విశాఖపట్నం బస్సు ఎక్కాం, అక్కడ మళ్లీ విజయనగరం బస్సు. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి మా ఇద్దరికీ ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. బావకి మాత్రం రెండు బస్సులకీ కలిపి నూట యాభై దాకా అయింది. విజయనగరంలో షేర్ ఆటో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఈ కాలేజీ గోడలకి రంగు వెలిసిపోయింది. కానీ సివిల్ ల్యాబు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పిల్లలు కాంక్రీటు దిమ్మల్ని ఒక్కొక్కటిగా యంత్రంలో పెట్టి, ఎంత బరువుకి పగులుతాయో చూస్తున్నారు. దిమ్మ ఫట్‌మని పగిలినప్పుడు లావణ్య ముందుకు వంగింది. నీళ్లలో వారం నానబెట్టిన దిమ్మకీ నెల నానబెట్టినదానికీ తేడా ఎంతుంటుందని అక్కడి అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి చాక్‌పీసు తీసుకుని బల్ల మీదే గీతలు గీసి చూపించింది. నేను చూడనే లేదు, బావ కూడా ఎప్పుడో దగ్గరికి చేరి, తన పొలం దారిలో కల్వర్టు ప్రతి వానకీ ఎందుకు బీటలిస్తుందని లెక్చరర్ మేడమ్‌ని అడుగుతున్నాడు. చూడకుండా చెప్పలేనని, ఫోటోలు ఉంటే తెమ్మని ఆవిడ అంది. అక్కడ అరగంట గడిచినట్టే తెలియలేదు.

తర్వాత హాస్టల్ చూశాం. గదికి నలుగురు, మూలన ఒక కిటికీ. మెస్సులో వంటమనిషి మాకు సాంబారన్నం పెట్టింది.

“తొలి నెల పిల్లలెవులూ సరిగ్గా తిన్రమ్మా. రెండో నెల నుంచి ఎంతొండినా సాలదు” అంది. లావణ్య నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

తిరుగు బస్సు విశాఖపట్నం దగ్గరికొచ్చింది. లావణ్య నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అంది.

“ఆ గది సూత్తే బయమేసింది పిన్నీ. కంప్యూటర్సే రాసేద్దాం.”

వెనక సీట్లో బావ విననే విన్నాడు. కూతురి సీటు మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు.

“పొద్దుట బస్సులో నువ్వు నిద్దరోతంటే సూసేను, ఇందాక ఆ దిమ్మ పగిల్నప్పుడు నీ మొకమూ సూసేను. దూరమని బెంగెట్టుకుంటే ఆదివారం ఆదివారం నాను వత్తాను. సదువే నచ్చాపోతే నాను వచ్చి ఏటి సెయ్యగల్ను?”

లావణ్య కిటికీ వైపు తిరిగింది. రెండు రోజుల తర్వాత మా ఇంటి కంప్యూటర్లో వెబ్ ఆప్షన్లు పెట్టినప్పుడు విజయనగరం సివిల్‌ని మొదట పెట్టింది తనే. ఆ సీటే వచ్చింది. మొదటి వారాల్లో రోజూ ఏడుస్తూ ఫోన్ చేసేది. బావ అన్న మాట ప్రకారం రెండు ఆదివారాలు వెళ్లాడు. మూడో ఆదివారం సర్వే నేర్పడానికి బయటికి తీసుకెళ్తున్నారని, రావద్దని తనే చెప్పింది. ఆ రోజు బావ ఏం తోచక మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

దగ్గర అనే మాటని మేం కిలోమీటర్లలోనే చూశాం. రోజూ నాలుగు గంటలు బస్సులో గడిపే పిల్ల ఇంట్లో ఉన్నట్టా, దారిలో ఉన్నట్టా అన్నది ఆ బస్సు ఎక్కేదాకా మాకు తట్టలేదు. అలాగని దూరం తేలికేం కాదు. ఇప్పటికీ మా అక్క రాత్రి అన్నం తినేముందు లావణ్య తిన్నదో లేదో ఫోన్‌లో కనుక్కున్నాకే కంచం ముందు కూర్చుంటుంది. అందరికీ ఇదే సరైనదని నేను చెప్పలేను. కంప్యూటర్సే ఇష్టమైన పిల్లకి ఆ హైవే పక్క కాలేజీ చక్కగా సరిపోయేదేమో.

ఒక్క సలహా: క్లాసులు జరిగే రోజునే, పిల్లలు వెళ్లే బస్సులోనే వెళ్లండి. మీ బ్రాంచి ల్యాబులోకి మీ పిల్లని ముందు పంపి, మీరు రెండడుగులు వెనక నిలబడండి.