మూడో గడి

తాను పోయిన రోజు పొద్దున కూడా హయాత్ బాషా భాయ్ ఎప్పటిలాగే, ముందురోజు మా కంపెనీ వెబ్‌సైట్‌లోకి ఎంతమంది వచ్చారో, ఏ పేజీలో ఆగారో, ఎక్కడినుంచి వెళ్లిపోయారో చూశారు. హిందీ పేజీలో ఒక ఫోటో మరీ పెద్దదిగా ఉందని, జనం కిందికి రాకుండానే మళ్లిపోతున్నారని నాకు ఫోన్ చేశారు. అరగంట తర్వాత, దుబాయ్‌లోని నైఫ్‌లో తాను ఉండే బిల్డింగ్ లిఫ్టులో కుప్పకూలారు. అది 2023 జులై.

ఆయనది నెల్లూరు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో కార్మికుల క్యాంపులు నడిపే ఒక కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. ఏసీ పనిచేయకపోయినా, నీళ్లు రాకపోయినా క్యాంపుల వాళ్లు ఫోన్‌లోనే ఫిర్యాదు చేసే ఫారం ఆ సైట్‌లో ఉండేది. సైట్ చూసుకునేది ఆయన, దాని తెలుగు పేజీ రాసింది నేను.

ఒకరోజు ముదీర్, అంటే మా మేనేజర్, మమ్మల్ని పిలిచి తెలుగు పేజీని నెలాఖరుకు తీసేస్తున్నానన్నాడు. వచ్చినవాళ్లు ఫారం నింపకుండా పోతున్నారు కాబట్టి వాళ్లకు ఫిర్యాదులేమీ లేవని అతని లెక్క. అప్పటిదాకా అందులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దన్నాడు.

భాయ్ నమ్మలేదు. యాభైమంది వస్తే నలభైమంది ఫారంలో మూడో గడి దగ్గరే ఆగుతున్నారని, పైకీ కిందికీ జరిపి చూసి పోతున్నారని నాకు స్క్రీన్ మీద చూపించారు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని షార్జాలో మా కంపెనీకే ఉన్న సజ్జా క్యాంపుకు వెళ్లి, జగిత్యాల వైపునుంచి వచ్చిన భోజన్న చేతికి ఫోన్ ఇచ్చారు. భోజన్న పేరు రాశాడు, గది నంబరు రాశాడు, ఆగాడు.

"ప్రాయోజకుని పేరంట. గాయన మా క్యాంపుల లేడు సారూ. కఫీల్ పేరడిగితే రాస్తుంటి గదా."

గదిలో అందరూ నవ్వారు. వీసా ఇచ్చి పనికి తెచ్చుకునే యజమానిని గల్ఫ్‌లో కఫీల్ అంటారు, ఇంగ్లీషులో స్పాన్సర్; ఆ స్పాన్సర్ అనే మాటకు నిఘంటువు వెతికి ఆ పదం పెట్టింది నేనే. తిరుగు బస్సులో, కఫీల్ అరబ్బీ మాట, తెలుగు పేజీలో ఎలా పెడతామని వాదించాను.

"ఏందయ్యా పంతులూ, భోజన్న నోట్లో ఉండేది తెలుగు గాకపోతే ఇంకెవురి నోట్లో ఉంది తెలుగు?" అన్నారు.

మర్నాడు ఎవరినీ అడగకుండా పేజీలో ఆ పదం తీసి కఫీల్ అని పెట్టేశారు. రెండు వారాల్లో తొంభై ఫిర్యాదులు వచ్చాయి. ముదీర్ కేకలేశాడు, చెప్పిన మాట వినని మనిషి తనకు అక్కర్లేదన్నాడు. భాయ్ కుర్చీలోంచి లేవలేదు. మూడో గడి దగ్గర ఇప్పుడు ఆరుగురే ఆగుతున్నారని లాప్‌టాప్ ముదీర్ వైపు తిప్పారు.

"పేజీ తీసేస్తే నన్ను గూడా తీసెయ్యండి సాబ్. ఖలాస్."

ముదీర్ దేన్నీ తీయలేదు. ఆ పేజీ ఇవాళ్టికీ ఉంది. ఎవరైనా దాన్ని తీయాలని చూస్తే ఈసారి కుర్చీలోంచి లేవనిది నేను.

భాయ్ సామాను పంపడానికి నెల్లూరులో ఆయన భార్య ఖుర్షీదాకు ఫోన్ చేశాను. మాటల మధ్యలో చెప్పింది. ఆయన చదివింది ఉర్దూ మీడియమట, తెలుగు అక్షరాలు రావట. నేను రాసిన ప్రతి పేజీనీ ఫోటో తీసి ఆమెకు పంపేవారట. ఆమె ఫోన్‌లో చదివి వినిపించేదట, కఫీల్ అన్న మాట కూడా ఆమే తెలుగులో రాసి పంపిందట.