మా వీధి ‘దిగుమామ్మ’ కామేశ్వరమ్మ గారు

2005 సెప్టెంబరు 22, గురువారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు రాజమండ్రిలో నేనుంటున్న అద్దె గదికి ఫోన్ వచ్చింది. అవతల మా తమ్ముడు సత్తిబాబు. “అక్కా, దిగుమామ్మ పోయింది” అన్నాడు.  కామేశ్వరమ్మ గారు నిద్రలోనే కన్నుమూశారు. గోదావరి నడుమ ఉన్న మా లంకలో వరద నీరు తీసింది ఆ ముందు రోజు సాయంత్రమే. ఆ వార్త విన్న క్షణంలో నాలో దుఃఖం కంటే ముందుగా భయం పుట్టింది. ఆ భయమేమిటో చెప్పకుండా ఆ మహాతల్లిని గురించి చెప్పడం నాకు సాధ్యం కాదు.

ఆమె ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుని ధర్మపత్ని. భర్త గతించాక కూడా రావులపాలెం అవతల ఉన్న మా లంక గ్రామాన్ని విడిచి వెళ్ళలేదు. వీధి మొదట్లో, మెరక మీద, ఎత్తయిన పునాదితో కట్టిన పెంకుటిల్లు ఆమెది. గోదావరి పొంగినప్పుడల్లా వీధిలోని స్త్రీలకూ పిల్లలకూ ఆ ఇల్లే ఆశ్రయం. మాది అరటితోటల్లో కూలికి వెళ్ళే కుటుంబం. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే; ఆ పట్టా కోసం చదివిన చదువంతా ఆమె వసారాలో, ఆమె ఇంటి దీపం కింద చదివినదే.

పిల్లలతో నిండిన ఆ ఇంటికి కొన్ని శాసనాలుండేవి. పందిరిమంచం కోళ్ళు పట్టుకుని వేలాడరాదు. కుర్చీకి నాలుగు కాళ్ళూ నేల మీదే ఉండాలి, వెనక్కి వాల్చరాదు. ఉయ్యాలబల్ల ఊగుతున్నప్పుడు దాని వెనుకగా నడవరాదు. తెరిచి ఉన్న బీరువా దరిదాపులకు పోరాదు. గడప దాటే ముందు ప్రతి పిల్లవాడూ వీటిని అప్పజెప్పవలసిందే. ఎవరైనా అతిక్రమిస్తే వంటింట్లోంచే “దిగు!” అని కేక వినిపించేది. ఆ కేకకు మేమే కాదు, దూలం మీది పిల్లి కూడా దిగేది. అందుకే ఆమె మాకు దిగుమామ్మ అయ్యారు. “గంతులెయ్యడానికి దేవుడు నేలనిచ్చాడర్రా. నేల మీంచి కిందపడ్డవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు” అనేవారు.

అయితే ఆమె బాల్యచేష్టలను ద్వేషించిన వ్యక్తి కారు. వసారాలో పూర్వుల నాటి టేకుబల్ల ఒకటుండేది. మేము దాని మీదనుంచి దూకడం మానలేకపోతున్నామని గ్రహించి, ఒకనాడు వడ్రంగిని పిలిపించి దాని కాళ్ళు జానెడు మిగిల్చి కోయించారు. “ఇహ దూకండి, మీ ఇష్టం” అన్నారు. పండక్కి వచ్చిన అల్లుడుగారు దాన్ని చూసి నిర్ఘాంతపోయారు.

“టేకుబల్ల అత్తయ్యగారూ! కాళ్ళు కోయించేశారేంటండీ?”

“బల్ల కాళ్ళు పోతే పీట అవుద్ది బాబూ. పిల్లాడి కాళ్ళు పోతే ఏమవుతాడు?”

ఆయన మధ్యాహ్నం భోజనానంతరం ఆ పీట మీదే నడుం వాల్చారు.

ఆమె భీతిని చూసి ఊరు నవ్వేది. “మామ్మగారూ, మీ ఇంట్లో చీమ మంచమెక్కాలన్నా పర్మిషనంట కదండీ” అని ఒకాయన హాస్యమాడితే, “చీమ పడితే దానికేం కాదు నాయనా, ఎక్కమను. నువ్వు మాత్రం ఆ కుర్చీ సరిగ్గా వేసుకు కూర్చో” అన్నారు. ఆమెకు పూర్వం ఏదో ఘోరం జరిగి ఉంటుందనీ, అందుకే ఇంత భయమనీ కొందరు గుసగుసలాడేవారు. ఒకసారి నేనే ధైర్యం చేసి అడిగాను. ఆమె నావైపు వింతగా చూసి, “ఏమీ జరగలేదే. ఎవరికో ఒకరికి జరిగాకే భయపడాలా ఏంటి?” అన్నారు.

లంకల వారికి తెలిసిన ఒక అలవాటును ఇతరుల కోసం వివరించాలి. వరద హెచ్చరిక రాగానే మేము మంచాలనూ బీరువాలనూ ఇటుకల మీదికి ఎత్తుతాము. నాలుగు మూలలా నాలుగు దొంతులు, ఒక్కొక్క దొంతికి మూడేసి ఇటుకలు. నీరు తీశాక వెంటనే దించము. మళ్ళీ పెరుగుతుందేమోనన్న శంక. ఆ రోజుల్లో పిల్లలకు ఇల్లు ఇల్లంతా వింతలోకం. మంచం కింద గుహ, మంచం మీద మేడ. కామేశ్వరమ్మ గారికి మాత్రం అవి నిద్రలేని రోజులు. నీరు తీసిన మరునాడే చేతికర్రతో బురదలో బయలుదేరి, ఇంటింటి గడపలో నిలిచి, మగవాళ్ళను పిలిపించి, సామాను దించేదాకా కదిలేవారు కారు. “నీళ్ళు పోయిన్నాడే ఇటుకలూ పోవాలి” అన్నది ఆమె పెద్దలకు విధించిన ఏకైక శాసనం.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న సంవత్సరం ఆమె మా గడపలో నిలిచిన ఉదయాన్ని నేను మరువలేను. నాన్న తోటకు వెళ్ళారు. అమ్మ వాకిట్లో బురద కడుగుతోంది. నేను నీళ్ళందిస్తున్నాను.

“ఏంటే మంగా, ఇటుకలింకా తియ్యలేదంట?”

“రేపు తీయిస్తానండి. మళ్ళీ పెరుగుద్దంటున్నారండి.”

“పెరిగితే మళ్ళీ ఎత్తుకోండి. అరువు తెచ్చిన ఇటుకలా, అరిగిపోతాయా?”

అమ్మ నవ్వబోయింది. అంతలో లోపలినుంచి ఏదో చిట్లిన శబ్దం వినిపించింది. నీళ్ళలో నాని మెత్తబడిన ఇటుక అది. ఆ వెంటనే ఇనుము కిర్రుమంది.

కర్ర జారవిడిచి, మా అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది ఆ అరవై ఏళ్ళ మనిషే. బీరువా రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. ఆరేళ్ళ సత్తిబాబు లోపలి అరలను మెట్లుగా చేసుకుని పై అర దాకా ఎక్కి, లాంచీ నడుపుతున్నాడు. బీరువా ముందుకు ఒరుగుతోంది. ఆమె రెండు చేతులూ, కుడి భుజమూ దానికి ఆనించి నిలబడ్డారు. వాడు బెదిరి, అలవాటు చొప్పున దిగడానికి కాలు కిందికి చాపాడు. దిగితే ఇనుము కిందికే దిగుతాడు.

అప్పుడు ఆ నోట నేను ఎన్నడూ వినని మాట విన్నాను. కేక కాదు, జోలపాడే గొంతు. “దిగకురా నాన్నా. దిగకు. లాంచీ ఇంకా రేవుకి రాలేదు. గట్టిగా పట్టుకో.”

అమ్మ వీధిలోకి పరుగెత్తి మగవాళ్ళ కోసం అరుస్తోంది. ఎవరూ రావడం లేదు. ఆమె కాళ్ళు వణకడం, నుదుటి చెమట కంట్లోకి జారడం, తుడుచుకోవడానికి చెయ్యి లేక రెప్పలార్చడం నేను చూస్తున్నాను. మరో ఇటుక పగిలింది. ఆమె నావైపు తల తిప్పకుండానే, “అమ్మాయీ, పక్కనించి రా. ముందుకి రాకు. వాడి నడుం చుట్టూ చెయ్యెయ్యి. ఇప్పుడు లాగు” అన్నారు. లాగాను. వాడూ నేనూ గోడవారన పడ్డాము. ఆమె పక్కకు తప్పుకునేలోగానే బీరువా ఆమె భుజాన్ని రాసుకుంటూ నేలకూలింది. తలుపు అద్దం గదంతా చెల్లాచెదురైంది. ఆ చప్పుడుకు వీధి వీధంతా వచ్చింది.

ఎవరో మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేకపోయారు. “నాకు భయమేసిందే మంగా” అని మాత్రం అన్నారు. ఆ పిమ్మట ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. జడ వేసుకోవడానికి కూడా మరొకరి సాయం కావలసి వచ్చేది. ఆమె ధైర్యాన్ని ఎవరైనా కొనియాడితే, “ధైర్యమా పాడా! కాళ్ళు వణికి కదల్లేకపోయాను, అందుకని నిలబడ్డాను” అని నవ్వేసేవారు. ఆ ఏటినుంచి ఆమె గడపలో నిలిస్తే ఎదురు చెప్పినవారు లేరు.

ఈ ఏడు ఆమె బయలుదేరవలసిన ఉదయమే ఆమెను పాడె మీద సాగనంపాము. ముందు నడిచినవారిలో మా సత్తిబాబు ఒకడు. ఆరని బురదలో అందరి పాదాలూ కూరుకుపోతున్నాయి. నా చూపు మాత్రం దారి పొడవునా తెరిచి ఉన్న గుమ్మాలలోకే పోయింది.

పదో రోజు దాటాక, ఇటుకలు తీయించమని చెప్పడానికి నేనే ఇంటింటికీ వెళ్ళాను. ఎదురింటి సూరిబాబు గారు కుర్చీ వేశారు, కాఫీ ఇప్పించారు, మర్యాదకు లోటు చెయ్యలేదు. “చదువుకున్నదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ? కార్తీకం రానీ, చూద్దాం” అన్నారు. ఆయన వెనుక, ఈమధ్యే నిలబడడం నేర్చిన ఆయన మనవరాలు బీరువా పిడి పట్టుకుని, మావైపు చూసి నవ్వుతోంది. నేను “దిగు” అని ఎవరిని అనగలను? ఆ పాప ఇంకా ఏదీ ఎక్కలేదు. నేను లేచి వెళ్ళి పాపను ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చాను. కాసేపటికి తల్లి వచ్చి తీసుకువెళ్ళింది.

మహనీయులు గతించినప్పుడు ఆ లోటు పూడ్చరానిదని రాయడం పరిపాటి. ఆ తల్లి పాదాలకు నమస్కరిస్తూ నేను ఆ మాట పరిపాటిగా రాయడం లేదు. ఆమె చేసిన పనిని నేను చేయబోయాను, నావల్ల కాలేదు. రేపు మళ్ళీ వెళతాను.

నీరు తీసి పక్షం దాటింది. మా వీధిలో బీరువాలు ఇంకా ఇటుకల మీదే ఉన్నాయి.